కాగితమునకు రెండవ ప్రక్క

పుస్తకములోనున్న విద్యయు, పరుల చేతిలోనున్న ధనమును అక్కఱకు రావని సంస్కృతమున నొక సుభాషితము కలదు. ఇరువదియొక్క సంవత్సరములుగా సామర్లకోటలో బడిపిల్లలకు పాఠములు చెప్పుచు, ఆ మాటను ఎన్ని తరగతులలో ఎన్ని మాఱులు వివరించితిమో మాకే లెక్క తెలియదు. వివరించిన ప్రతిమాఱును అది పిల్లల కొఱకు పుట్టిన మాటయే కాని మా కొఱకు కాదని నమ్మితిమి. గడచిన సంవత్సరము మా యింటనే జరిగిన యొక చిన్న కథ ఆ నమ్మకమును పోగొట్టినది. అందు నేరము మాది. గెలుపు మా యిల్లాలిది. నేరము చేసినవారే కథ చెప్పుట న్యాయమని తోఁచి, ఆమె యనుమతి పొంది యిది వ్రాయుచున్నాము.

మా వివాహము నాఁటికి ఆమె బి.ఏ. రెండవ సంవత్సరము చదువుచుండెను. చదువు మాన్పింపమని పెండ్లిమాటలలో మా పెద్దలు మాట యిచ్చిరి, మేమును ఇచ్చితిమి. ఒక వేసవిలో పెండ్లి, మఱుసటి వేసవిలో కాన్పు, ఆపైన మా నాయనగారి జబ్బు. ఇట్లు మాట వాయిదా పడుచు పడుచు ఇరువది సంవత్సరములు గడచెను. ఈ కాలమున మేము మాత్రము ఊరకుండలేదు. స్త్రీవిద్యను గుఱించి సభలలో నుపన్యసించితిమి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874 సంవత్సరమున ధవళేశ్వరములో బాలికల పాఠశాల స్థాపించిన సంగతిని ఏఁటేఁట పిల్లలచేత వ్యాసముగా వ్రాయించితిమి. ఆ ధవళేశ్వరము ఆనకట్ట నుండియే గోదావరి నీరు కాలువగా మా సామర్లకోటకు వచ్చుచున్నది. నీరు వచ్చినంత సులభముగా ఆ మాట మా గడప దాఁటి లోపలికి రాలేదు.

మా అమ్మాయి ఇంజనీరింగు చదువునకై హాస్టలులో చేరిన నెలలో, ఒకనాఁటి రాత్రి భోజనములైన పిమ్మట మా యిల్లాలు మెల్లగా ననెను: "ఏమండీ, దాని ఫీజుతో పాటు నాదీ కట్టేద్దామండీ. ఎక్కువేం కాదు." మేము తెల్లబోయితిమి. దరఖాస్తు నింపి, పాత మార్కుల పత్రములు వెదకి తీసి, ఆమె యంతయు ముందే సిద్ధము చేసికొనియుండెను. మా సంతకముతో పనిలేదు. రుసుము కట్టుటయే మా వంతు.

దూరవిద్య మనకు క్రొత్తది కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1972లోనే ఉత్తరముల ద్వారా పాఠములు చెప్పు శాఖను తెఱచినది. 1982లో స్థాపింపఁబడిన సార్వత్రిక విశ్వవిద్యాలయము, నేఁడు అంబేద్కరుగారి పేరఁ బరఁగుచున్నది, భారతదేశమున నట్టివానిలో మొట్టమొదటిది. ఇల్లు విడువలేనివారి యింటికే విద్య నడచి వచ్చుట వీని యుద్దేశము. అయితే ఇంటికి వచ్చిన విద్యకు ఇంటిలో చోటెక్కడ నను ప్రశ్నకు ఏ విశ్వవిద్యాలయమును సమాధానము చెప్పజాలదు. అది ఇంటివారు చెప్పవలసినది.

మా యింట ఆ చదువునకు దొరికిన చోటు వంటయింటి గట్టుమీఁద బియ్యపు డబ్బా మూఁత. చరిత్ర, రాజనీతి, తెలుగు సాహిత్యము, ఆంగ్లము అను నాలుగు పాఠములును ఆ మూఁతమీఁదనే సాగినవి. ఆమెకు నోటుపుస్తకము లేకపోలేదు. అది గదిలో బల్లసొరుగునందుండెడిది. పప్పు ఉడుకునప్పుడు తోఁచిన మాటను వ్రాయుటకు గదిలోనికి పోయి వచ్చులోపల పప్పు మాడును, లేదా మాట పోవును. కావున చేతికందిన కాగితముమీఁద వ్రాసెడిది. చింపిన క్యాలెండరు కాగితములు, మా బడినుండి వచ్చిన పాత సర్క్యులర్లు, పాలలెక్కల పుస్తకములోని ఖాళీ పుటలు, అన్నియు ఆమెకు నోట్సులే. వ్రాసినవానిని ఒక గోధుమపిండి సంచిలో దాఁచెడిది. సాయంకాలము మా తల్లిగారు వరండాలో కూర్చుండి వత్తులు చేయునప్పుడు, ఈమె చిక్కుడుకాయలో గోరుచిక్కుళ్ళో ముందు వేసికొని కూర్చుండి, ఆనాఁడు చదివినది కథగా చెప్పెడిది. మా తల్లిగారు మూఁడవ తరగతితో బడి మానినవారు. "తరవాతేమైందే?" యని యడుగుటలో మాత్రము ఆవిడను మించిన పరీక్షాధికారి లేఁడు.

ఇదంతయు మా కంటికి అస్తవ్యస్తముగా కనఁబడెను. పిల్లల నోటుపుస్తకములలో అంచుగీత వంకరగా నున్నచో మార్కు తగ్గించు స్వభావము మాది. గోధుమపిండి సంచిలో ఆంధ్రదేశ చరిత్ర యుండుట మేము సహింపలేకపోయితిమి.

సంక్రాంతి సెలవులకు వచ్చిన మా అమ్మాయి తన చదువును నోషన్ అను సాధనములో నమర్చుకొనుచుండుట చూచితిమి. 2016లో బయటికి వచ్చిన దీనిని ఒక్కరు తమ సొంతమునకు వాడుకొనుటకు రుసుము లేదు. ఎఱుఁగనివారి కొఱకు దాని పనితీరు చెప్పుదుము. అందు పుటలోపల పుట, దానిలోపల మఱియొక పుట పెట్టవచ్చును. పట్టిక గీచినచో అందలి ప్రతి వరుసయు తానే యొక పుటయై తెఱచుకొనును. ఆ పుటలో పాఠమంతయు వ్రాసికొనవచ్చును. ప్రతి వరుసకు తేది, పాఠ్యాంశము, పని ముగిసినదా లేదా యను గుర్తు తగిలింపవచ్చును. అటుపై ఆ వరుసలే తేదులనుబట్టి క్యాలెండరుగా కనఁబడును. ముగిసినవి యొక నిలువున, మిగిలినవి వేఱొక నిలువున పేర్చిన చీట్లవలెను కనఁబడును. వ్రాసినది ఒక్కటే, చూచు తీరులు పెక్కు. ఫోనులో వ్రాసినది కంప్యూటరులోను కనఁబడును. వన్‌నోట్, ఆబ్సిడియన్ మొదలగునవియు కొంచెము హెచ్చుతగ్గులతో నిట్టి పనికే పుట్టినవి.

మాకు దీనిని చూడఁగనే గొప్ప వంశావళి యొకటి మనస్సున మెదలెను. ఆంగ్లమునకు ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు కూర్పఁబడునపుడు, 1879 నుండి దాని సంపాదకుఁడైన జేమ్స్ మఱ్ఱే ప్రజలు పంపిన లక్షలకొలఁది చీట్లను గూళ్ళలో పేర్చుకొని పని చేసెను. అది ముగియుటకు 1928 వచ్చెను. జర్మనీ దేశపు సామాజికశాస్త్రజ్ఞుఁడు నిక్లాస్ లూమన్ తొంబదివేల చీట్లకు సంఖ్యలు వేసి, చీటికి చీటికి ముడివేసి, ఆ పెట్టెల సహాయముననే తన గ్రంథములు వ్రాసెను. అంతదూర మేల? మా ఊరి ప్రక్కనే పిఠాపురము. ఆ సంస్థానాధీశ్వరుల పోషణమున, జయంతి రామయ్య పంతులుగారి పెద్దఱికమున, ఆంధ్ర సాహిత్య పరిషత్తువారు పదము వెంట పదమును ప్రయోగములతో కూర్చి, సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటమును 1936లో వెలువరించిరి. ఇట్టి మహానుభావుల పని మన యింటి కంప్యూటరులోనికి వచ్చినది గదా యని పొంగిపోయితిమి. వారు తాము చదివినదానిని తామే అమర్చుకొనిరనియు, మేము పరుల చదువును అమర్చఁబోవుచున్నామనియు అప్పుడు తోఁచలేదు.

పదునొకండు రాత్రులు కూర్చుంటిమి. నాలుగు పాఠ్యాంశములకు నాలుగు రంగులు. అఱువదిమూఁడు పుటలు. ప్రతి పుటకు శీర్షిక మేమే పెట్టితిమి; మా కలవాటైన భాషలో 'పూర్వచాళుక్య యుగీన దేవాలయ నిర్మాణ వివేచనము' వంటివి పెట్టితిమి. గోధుమపిండి సంచి క్రుమ్మరించి, నూటనలువది కాగితములను ఒక్కొక్కటిగా ఫొటో తీసి, తగిన పుటలలో చేర్చితిమి. క్యాలెండరు కాగితములలో తేదులున్న ప్రక్కను, సర్క్యులర్లలో అచ్చున్న ప్రక్కను విడిచి, ఆమె వ్రాఁత యున్న ప్రక్కను మాత్రము తీసితిమి. పని ముగియఁగనే ఇల్లు శుభ్రమైనదని సంతోషించి, ఆ కాగితములను పాత వార్తాపత్రికలతో కలిపి కాగితాలవానికి తూఁచి యిచ్చితిమి. వచ్చిన డబ్బుతో ఆమెకొక గట్టి అట్ట నోటుపుస్తకము కొని తెచ్చితిమి. తక్కినవానికంటె ఇప్పుడు సిగ్గు కలిగించునది ఆ నోటుపుస్తకమే.

ఆమె కిదంతయు చూపిన రాత్రి ఆమె పెద్దగా నేమియు ననలేదు. "బాగుందండీ. చాలా కష్టపడ్డారు" అనెను. దానిని మేము ప్రశంసగా తీసికొంటిమి.

నెల గడచినది. విశ్వవిద్యాలయమునకు పంపవలసిన వ్రాఁతపనికి గడువు నాలుగు దినము లున్నది. తూర్పు చాళుక్యుల నాఁటి ఆలయములలో నొకదానిని గుఱించి తమ పరిశీలనతో వ్రాయవలెను. మా ఊరి కుమారారామ భీమేశ్వరాలయమును మించిన విషయమేమున్నది? ఆమె ముందే దానిమీఁద కాగితములు వ్రాసి యుంచుకొన్నది. కంప్యూటరు ముందు కూర్చుండి వెదకు గడిలో 'దేవాలయం' అని కొట్టెను. ఏమియు రాలేదు. 'గుడి' అని కొట్టెను. ఏమియు రాలేదు. 'చాళుక్యులు' అని కొట్టెను. లేదు.

మేము ప్రక్కకు పోయి చూచి నవ్వితిమి. "దేవాలయము అని కొట్టాలి" అంటిమి. ఆమె మా వంక చూచి, "నేను వ్రాసుకున్నది నా మాటల్లో కదండీ. మీ మాటల్లో ఎలా దొరుకుతుంది?" అనెను.

ఇచ్చట నొక్క మాట చెప్పవలెను. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పునుండియు తెలుగు లిపికి కంప్యూటరులో స్థిరమైన చోటు కలదు. కావుననే నేఁడు తెలుగులో వ్రాసి తెలుగులో వెదకుట సాధ్యమైనది. కాని యంత్రము వెదకునది అక్షరమును, అర్థమును కాదు. 'దేవాలయము' అను మాటకు చివర 'ము' యుండును, 'దేవాలయం' అను మాటకు సున్న యుండును. మనకవి యొక్కటే, దానికవి వేఱు. గ్రాంథికమా, వ్యావహారికమా యని జయంతి రామయ్య పంతులుగారును గిడుగు రామమూర్తి పంతులుగారును నాఁడు సలిపిన వాదము మా యింటి వెదకు గడిలో ఈ విధముగా మరల తలయెత్తెను. ఈమాఱు గిడుగువారే గెలిచిరి. ఇఁక ఫొటోలలోని చేవ్రాఁత యందువా, యంత్రమునకది యుత్త బొమ్మ. బొమ్మలోని తెలుగు అక్షరములను చదువు పరికరములు నేఁడున్నవి. అచ్చు నవి చక్కగానే చదువును. వంటయింటి తొందరలో వ్రాసిన చేవ్రాఁతను చదువుటలో నవి తఱచు పొరపడును.

తుదకు మేమే పుటలు త్రిప్పి ఆ ఫొటోలను చూపితిమి. ఆమె నాలుగింటిని చూచి, "వెనక వైపులేవండీ?" అని యడిగెను.

"వెనుక క్యాలెండరు తేదీలేగా?"

"తేదీల మధ్య ఖాళీల్లో రాశాను. ముందు వైపు పుస్తకంలోది ఎత్తి రాసిందండీ. వెనక వైపు నేననుకున్నది."

ఆ మాటకు మా యొద్ద సమాధానము లేదు. మఱునాఁడుదయము కాగితాలవాని కొట్టునకు పరుగెత్తితిమి. సరకు లారీకెక్కి పదునైదు దినములైన దనెను. ఆ కొట్టు రైలు స్టేషనుకు పోవు దారిలో నున్నది. కాకినాడ వైపు పోవు బండి కదలిపోవుచుండఁగా ఎండలో చాలసేపు నిలుచుంటిమి. ఇరువది యేండ్ల క్రిందట ఆమె చదువు మాన్పించినపుడు కలుగని సిగ్గు ఆనాఁడు కలిగెను. అప్పుడు మాన్పించినది పరిస్థితులని చెప్పుకొనఁగలిగితిమి. ఇప్పుడు తూఁచి యమ్మినది మా చేతులే.

ఇంటికి వచ్చి చూడఁగా ఆమె వరండాలో మా తల్లిగారి యెదుట కూర్చుండియున్నది. ఒడిలో క్రొత్త నోటుపుస్తకమున్నది. "అమ్మాయ్, ఆ మేడగుడి సంగతి నాకు చెప్పేవుగా. మొదట రాజుగారి పేరు చెప్పేవు" అని మా తల్లిగారనుచుండిరి. "చాళుక్య భీముడు అత్తయ్యగారూ." "ఆఁ, ఆయనే. తరవాత నా మోకాళ్ళ గురించి ఏదో అన్నావు." ఆమె నవ్వి వ్రాసికొనెను. ఈ విధముగా రెండు సాయంకాలములు గడచినవి. పోయినదానిలో చాలవఱకు తిరిగి వచ్చినది. పోనిది కొంత క్రొత్తగా చేరినది.

ఆమె వ్రాసిన దాని సారాంశము చెప్పుదుము. పాఠ్యపుస్తకమున నున్నది రెండు పంక్తులు: క్రీ.శ. 892 ప్రాంతమున రాజ్యమునకు వచ్చిన చాళుక్య భీముఁడు కుమారారామమును కట్టించెననియు, ఇది పంచారామములలో నొకటియనియు. ఆమె తన కంటితో చూచినది వేఱు. ఇచ్చటి లింగము పదునాలుగడుగుల యెత్తున, క్రింది యంతస్తునుండి పై యంతస్తునకు చొచ్చుకొని పోవును. పంచారామముల లింగములు పెరుగుచుండెననియు, పెరుగకుండ ప్రతిష్ఠించిరనియు స్థలపురాణములు చెప్పును. ఆమె అనునదేమనఁగా, పెరిగినది రాయి కాదు, గుడి. ఎత్తైన రాయికి పూజ యందించుటకై కట్టినవారు మేడ వేసిరి. మోకాళ్ళు నొచ్చు వృద్ధురాండ్రు క్రిందనుండి అడుగుభాగమునే చూతురు. మెట్లెక్కఁగలవారు మీఁదినుండి శిరస్సును చూతురు. మొత్తము ఒక్కచోటినుండి ఎవ్వరికిని కనఁబడదు. కట్టడమును గుఱించి వ్రాయువారు అందులోనికి ఎవరు ఏ మెట్టువఱకు పోఁగలరో కూడ వ్రాయవలెనని ఆమె ముగించెను. ఇరువదియొక్క సంవత్సరములుగా ఆ గుడికి పిల్లలను విహారమునకు తీసికొనిపోవుచున్న మాకు ఈ యాలోచన యొక్కనాఁడును రాలేదు. వ్రాఁతపని గడువునకు ఒక దినము ముందే పంపఁబడినది.

ఆమె జ్ఞాపకమునకు వచ్చినదెట్లు? సంచిలో దాఁచుటచేత కాదు, సంచి పోయినది. మా పుటలలో అమర్చుటచేతను కాదు. మా తల్లిగారికి చెప్పుటచేత. మేము చదువుకొన్న శాస్త్రముననే యిది కలదు. పతంజలి మహాభాష్యము మొదటి ఆహ్నికమున విద్య నాలుగు విధములుగా నుపయోగపడునని చెప్పెను: గురువునొద్ద గ్రహించు కాలము, తనంత తాను వల్లించు కాలము, ఒరులకు చెప్పు కాలము, పనిలో వాడు కాలము. దాఁచుకొను కాలమని అయిదవది చెప్పలేదు. మా అఱువదిమూఁడు పుటలును ఆ లేని యయిదవదానికి కట్టిన మేడ.

ఇది పూర్వుల మాటగనే నిలిచియుండలేదు. అమెరికాలో రోడిగర్, కార్పికి యను మనశ్శాస్త్రజ్ఞులు 2006లో విద్యార్థులకు గద్యభాగములిచ్చి పరీక్షించిరి. ఒక పక్షమువారు మరల మరల చదివిరి. ఒక పక్షమువారు పుస్తకము మూసి గుర్తు తెచ్చుకొని వ్రాసిరి. అయిదు నిమిషముల తరువాత అడిగినపుడు మరల చదివినవారిదే పైచేయి. వారము తరువాత అడిగినపుడు గుర్తు తెచ్చుకొనినవారు చాల మిగిలించుకొనిరి. 2014లో ముల్లర్, ఓపెన్‌హైమర్ అనువారు, కంప్యూటరులో నోట్సు వ్రాయువారు విన్నదానిని విన్నట్లే ఎత్తివ్రాయుదురనియు, చేతితో వ్రాయువారు తమ మాటలలోనికి మార్చుకొందురనియు, భావమును పరీక్షించు ప్రశ్నలలో వీరే మేలుగా వ్రాసిరనియు ప్రకటించిరి. తరువాతివారు చేసిన పరీక్షలలో ఆ తేడా అంత స్పష్టముగా కనఁబడలేదు. కావున కలము గొప్పదా, కీబోర్డు గొప్పదా యను తగవు మాకు వలదు. ఎత్తివ్రాయుట వేఱు, తనదిగా చేసికొనుట వేఱు. క్యాలెండరు కాగితమునకు రెండు ప్రక్కలవలె.

ఇంతమాత్రమున ఆ సాధనము వ్యర్థమని పాఠకులు తలంపరాదు. తరువాత జరిగినది వినుఁడు. వ్రాఁతపని పంపిన వారమునకు ఆమె హాస్టలులోని అమ్మాయికి ఫోను చేసి, ఒక గంటసేపు మాటలాడి, తన ఫోనులో తానే యొక క్రొత్త పుట తెఱచుకొనెను. అందు ఒక్క పట్టిక. ప్రతి పాఠమునకు ఒక వరుస. నిలువు గడులు అయిదు: 'చదివాను', 'నా మాటల్లో రాశాను', 'అత్తయ్యగారికి చెప్పాను', 'ఎక్కడ వాడాను', 'గడువు'. రంగులు లేవు. పాఠము పేరు ఆమె నోటికి వచ్చునట్లే యున్నది: 'మేడగుడి', 'పన్నులు ఎవరు కట్టారు', 'పార్లమెంటులో ఏం జరుగుతుంది'.

మేము దానిని చూచి పతంజలిని గుఱించి యుత్సాహముతో చెప్పితిమి. ఆమె విని, "అయితే ఆయనింట్లో కూడా ఎవరో అత్తగారు ఉండుంటారు" అనెను.

ఆ పట్టిక వలన ఆమెకు కలిగిన లాభములను చూచినవి చూచినట్లు చెప్పుదుము. మొదటిది, గడువులు. నాలుగు పాఠ్యాంశముల తేదులును, కాకినాడలో ఆదివారపు తరగతులును, పరీక్షరుసుము కట్టవలసిన దినమును ఒక్క క్యాలెండరులో కనఁబడుటచే, గుర్తుంచుకొను బరువు తలమీఁదనుండి దిగినది. రెండవది, 'చెప్పాను' అను గడి ఖాళీగా నున్న పాఠములు ఏవియో ఒక్క చూపున తెలియును; చదివితినను భ్రమ తొలఁగును. మూఁడవది, వంటయింటిలో తోఁచిన మాటను ఇప్పుడామె ఫోనునకు నోటితోనే చెప్పి వ్రాయించుచున్నది. అది తప్పుగా విన్నచోట రాత్రి దిద్దుకొనును. నాలుగవది, కాకినాడ రైలులో కూర్చుండి పాత పాఠము తెఱచి, 'నా మాటల్లో' అను గడిని మూసియుంచి, తనంత తాను గుర్తు తెచ్చుకొనును.

ఆమె పెట్టుకొనిన నియమములును కొన్ని కలవు. కాగితమును ఫొటో తీసినచో రెండు ప్రక్కలను తీయవలెను, రెండవది తెల్లగా నున్నను. ఫొటోకు క్రింద రెండు మాటలైనను అక్షరములలో వ్రాయవలెను. లేనిచో వెదకినపుడు దొరకదు. వెదకునపుడు పదమునకు చివరి భాగము విడిచి 'దేవాలయ' అని మొదటి భాగమునే కొట్టి చూడవలెను. విశ్వవిద్యాలయములు పంపు పి.డి.ఎఫ్. పుస్తకములలో కొన్ని అచ్చుపనికి వాడు పాత ఖతులతో కూర్చినవి. తెఱపై తెలుగే కనఁబడినను వానిలో వెదకుట పనికిరాదు. కావున వాని విషయసూచికను మాత్రము తానే వ్రాసికొనవలెను. నెలకొకమాఱు అంతయు వేఱొకచోట ప్రతి తీసి యుంచవలెను. పరీక్షాఫలితము వచ్చువఱకు ఏ కాగితమును పాఱవేయరాదు. ఈ చివరి నియమమును మా వంక చూచి చెప్పెను.

ఇన్ని చెప్పినను, ఆ సాధనము చేయలేని పని యొకటి మిగిలియున్నది. అది ఎన్ని గడులైనను ఇయ్యఁగలదు. దినమున కొక్క గంటను ఇయ్యలేదు. ఆ గంట ఇంటిలో ఎవరో యొకరి చేతిలోనుండి రావలెను. మా యింట అది మా చేతిలో నుండెను. సాయంకాలము బడినుండి వచ్చి పత్రిక చదువుకొను గంట యది. ఇప్పుడు రాత్రివంట మాది. ఉప్పు విషయమున మా తల్లిగారి యభిప్రాయము నిచ్చట వ్రాయము. మేము చేసిన అఱువదిమూఁడు పుటలకంటె ఈ యొక్క గంట ఆమె చదువునకు ఎక్కువ పనికివచ్చినదని మాత్రము నిశ్చయముగా చెప్పఁగలము. పదునొకండు రాత్రులు ఆ పుటలు కట్టుటకు మాకు తీరిక దొరకినదే, ఆ పదునొకండు రాత్రులు వంట చేయుటకు ఏల దొరకలేదని ఒకనాఁడు మాలో మేమే ప్రశ్నించుకొంటిమి. సమాధానము మాకు నచ్చలేదు.

సంస్కారప్రియులైన గృహస్థులలో మావంటివారు పెక్కురుందురు. భార్య చదువవలెనని మనఃపూర్వకముగానే కోరుదుము. పుస్తకములు కొని తెత్తుము, ఫోను కొనియిత్తుము, పట్టికలు గీతుము. ఆమె చదువు ఆమెది కాక మన సంస్కారమునకు నిదర్శనమై నిలువవలెనని లోలోపల కోరుదుము. ఆ కోరికయే చేతికి చీపురిచ్చి పరుల కాగితములను తుడిపించును. సాయము చేయువారు మొదట అడుగవలసినది "ఎట్లు అమర్చుదును?" అని కాదు, "నీకేమి కావలెను?" అని. మేము అడుగలేదు.

పరీక్షలు ముగిసినవి, ఫలితములు రావలసియున్నవి. మా పాత పుటలు నాలుగు రంగులతో కంప్యూటరులో నట్లే యున్నవి; వానిని తీసివేయవలదని ఆమెయే చెప్పెను. ఆమె పట్టిక ఆమె ఫోనులో నున్నది. దాని పాస్‌వర్డు మాకు తెలియదు, మేమడుగలేదు. నిన్న రాత్రి మేము పులుసు దింపుచుండఁగా, ఆమె బియ్యపు డబ్బా మూఁతపై ఈ నెల క్యాలెండరు కాగితము పఱచి యేదో వ్రాయుచుండెను. ఒక ప్రక్క నిండినది. కాగితము త్రిప్పి, తేదుల నడుమనున్న ఖాళీలలో మరల మొదలు పెట్టెను.